కాలువంతా విన్న నా నవ్వు

మొన్న మా పాత ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. నేను రిటైరయ్యాక నా కుర్చీలో కూర్చున్న అమ్మాయి చేసింది. నన్ను ఒక్కసారే చూసినా నోరారా "అమ్మా" అని పిలుస్తుంది, బుద్ధిమంతురాలు. వైర్‌లెస్ సెట్టు పక్కనున్న కంప్యూటర్ తెర అంచున నేను అతికించిన కాగితం ముక్క ఒకటి ఇంకా ఉందట. దాని మీద నా చేతిరాతతో "మూడు నిమిషాల గడువు ఎవరూ తీసెయ్యకూడదు. ఎవరు చెప్పినా సరే" అని ఉంటుంది. దాని గురించే ఫోన్.

"అమ్మా, కొత్త సారు ఆ గడువు తీసేయమంటాండాడు. మాట్లాడేది మధ్యలో తెగిపోతాందంట. ఒక్క కమాండ్ కొడితే పోతాది గదా, ఏంటికి వద్దని రాసినారు?" అని అడిగింది.

నేను చెప్పలేకపోయాను. "రాసి పంపిస్తా లేమ్మా, అందాకా ముట్టుకోవద్దు" అని పెట్టేశాను. ముప్పై మూడేళ్లు మైకు ముందు మాట్లాడి జీతం తీసుకున్నదాన్ని. నా నోటికి మా ఆఫీసులో అందరూ భయపడేవాళ్లు. అట్లాంటిదానికి ఒక్క ప్రశ్నకు నోరు పెగల్లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఆ అమ్మాయి ఒక్కతే కాదు, అట్లాంటి కుర్చీల్లో కూర్చునే పిల్లలందరూ చదవండి.

మాది కాలువ ఆఫీసు. కంట్రోల్ రూము ఆదోనిలో, నా ఇల్లు ఎమ్మిగనూరులో. రోజూ బస్సులో పోయి రావడమే. కాలువ పొడవునా ఏడు పోస్టులు ఉండేవి. ఒక్కో పోస్టులో ఒక లస్కరు. లస్కరంటే కట్ట మీద తిరుగుతూ కాలువకు కాపలా కాసే మనిషి. రోజూ పొద్దున ఎనిమిదింటికి ఒక్కొక్కరూ తమ దగ్గర నీళ్లు ఎంత ఎత్తున పారుతున్నాయో వైర్‌లెస్‌లో చెబితే నేను రాసుకోవాలి. దాన్నే గేజీ చెప్పడం అంటాం. కట్టకు ఏమైనా అయితే మాత్రం వేళాపాళా లేదు, వెంటనే పిలవాలి. నేను పై పోస్టుకు చెప్పి నీళ్లు దించి, మనుషుల్ని జీపెక్కించి పంపాలి. మనుషులు వచ్చేదాకా లస్కరు ఒంటరిగా నీళ్లలోకి దిగకూడదు, అది రూలు.

అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు ఉండగా వైర్‌లెస్ ఎందుకంటారేమో. కాలువ పొడవునా సిగ్నల్ అంతంతమాత్రం, మూడో పోస్టుకైతే గుట్ట అడ్డం. అక్కడ సెల్‌ఫోను ముఖం చూసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ఇంకొక్క సంగతి తెలిస్తే చాలు, మిగతా కథ మీకు అర్థమవుతుంది. అందరిదీ ఒకటే ఛానెల్. ఒకరు గుండీ నొక్కి మాట్లాడుతుంటే తక్కినవాళ్లంతా వినాల్సిందే. వాళ్లు తమ మైకు నొక్కి ఎంత అరిచినా ఎవరికీ చేరదు. నేను చేరిన కొత్తలో నాకు పని నేర్పిన పెద్దాయన మొదటిరోజే అన్నాడు: "తక్కువ మాట్లాడు. వేలు తియ్యి. ఇను." మొత్తం ఉద్యోగం ఆ మూడు మాటల్లోనే ఉంది.

మూడో పోస్టు లస్కరు పక్క పల్లె సాయిబు. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. నేను అన్నా అనేదాన్ని, ఆయన అమ్మా అనేవాడు. ఇరవై ఏళ్లకు పైగా రోజూ మాట్లాడుకున్నాం కానీ, మనిషిని ఎదురుగా చూసింది నాలుగైదుసార్లే. మాట్లాడబోయే ముందు గుండీని రెండుసార్లు టక్ టక్‌మని నొక్కేవాడు, ఇంట్లోకి వచ్చేముందు తలుపు కొట్టినట్టు. అది వినగానే నేను పెన్ను తీసేదాన్ని. గేజీ చెప్పి ఊరుకునేవాడా? "సంగటి తిన్యావామ్మా?" అని తప్పకుండా అడిగేవాడు. ప్రభుత్వ ఛానెల్లో సొంత మాటలు మాట్లాడకూడదని ఇంజనీరు సారు కసిరితే, "తిన్యావా అనేది సొంత మాటెట్లయితాది సార్? కడుపు అందరికీ ఉండాది గదా" అన్నాడు. సారు కళ్లజోడు సర్దుకుని తన గదిలోకి పోయాడు.

నా మొగుడు ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. ఒక పొద్దున మగ్గం గుంతలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. పదిహేను రోజుల తర్వాత డ్యూటీకి వచ్చాను. ఆఫీసులో ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఓదార్చారు. ఓదార్పు కూడా ఒక దెబ్బేనని అప్పుడు తెలిసింది. మూడో పోస్టు మాత్రం ఆ మాటే ఎత్తలేదు. టక్ టక్‌మన్నాడు, గేజీ చెప్పాడు. ఆపైన, "అమ్మా, ఈడ కొంగలు దిగినాయి. కట్టంతా తెల్లగుండాది" అన్నాడు. మర్నాడు, "తుమ్మసెట్టు పూసిండాది." ఆ మర్నాడు ఇంకేదో. రోజుకొక మాట, జవాబు అడగకుండా. నేను "సరే అన్నా" అనేదాన్ని. ఆ "సరే" అనడానికే బస్సెక్కి ఆదోనికి వచ్చేదాన్నని ఇప్పుడు అనిపిస్తుంది. పనైతే చేసుకుపోయాను కానీ, నవ్వనేది నా ముఖానికి రావడం మానేసింది. అట్లా రెండేళ్లు గడిచాయి.

అప్పుడొచ్చింది కంప్యూటర్. మా ఇంజనీరు సారుకు కొత్త వస్తువులంటే మహా ఇష్టం. వైర్‌లెస్ సెట్టుకూ కంప్యూటర్‌కూ మధ్య ఒక తీగ కలిపించాడు. నల్లటి తెర మీద ఒక లైను కొడితే సెట్టు ఛానెల్ మారుస్తుంది. ఇంకో లైను కొడితే గొంతు పెంచుతుంది. "టీఎక్స్ ఆన్" అని కొడితే మైకు గుండీ నొక్కినట్టే, మన మాట కాలువంతా పోతుంది. "టీఎక్స్ ఆఫ్" అని కొడితే వేలు తీసినట్టు. సెట్టును ముట్టుకునే పనే లేదు.

క్లర్కులు భయపడి దూరం జరిగితే నేను ముందుకు జరిగాను. యాభై దాటిన ఆడమనిషి, పదో తరగతి చదువు, కమాండ్లు కొడుతుంటే సారు పెద్దసార్లను తీసుకొచ్చి నన్ను చూపించేవాడు. ఉబ్బిపోయానని ఒప్పుకుంటాను. మొగుడు పోయాక నన్ను జనం జాలిగా తప్ప ఇంకోరకంగా చూసింది అప్పుడే.

ఆ ఉబ్బులో రెండు పనులు చేశాను. ఒకటి, పొద్దున పిలుపును ఫైలుగా రాసిపెట్టాను. "టీఎక్స్ ఆన్" ఒక లైను. తర్వాత నా గొంతు రికార్డింగు స్పీకర్లోంచి మైకులోకి పోతుంది, "అన్ని పోస్టులకూ కంట్రోల్ పిలుపు, గేజీ చెప్పండి" అని. ఆఖర్న "టీఎక్స్ ఆఫ్". మీట ఒకటి నొక్కితే మొత్తం దానంతటదే జరిగిపోతుంది. పోస్టులవాళ్లు చెప్పే గేజీలు కూడా కంప్యూటర్లో రికార్డయ్యేవి. తర్వాత తీరిగ్గా విని రాసుకోవచ్చు.

మూడో పోస్టుకు అది నచ్చలేదు. "అమ్మా, ఆ డబ్బాలో వచ్చే గొంతు నీదే గానీ అది నువ్వు గాదు. తిన్యావా అంటే జవాబియ్యదు" అన్నాడు ఒకరోజు. "నా గొంతుకు రోంత విశ్రాంతి అన్నా" అన్నాను. "అట్లయితే సరేమ్మా" అన్నాడు. ఆ తర్వాత కొంగల సంగతులు తగ్గిపోయాయి. రికార్డింగుకు ఎవరు చెబుతారు?

రెండోది అసలు తప్పు. ఆ సెట్టులో కంపెనీవాళ్లు పెట్టిన గడువు ఒకటుండేది. ఎవరైనా మూడు నిమిషాలకు మించి వదలకుండా మాట్లాడితే సెట్టు తనంతట తానే ఆపేస్తుంది. మా సారు నెలకొకసారి లస్కర్లందరికీ నీటి పొదుపు మీద ఉపన్యాసం ఇచ్చేవాడు. ఉపన్యాసం మంచి రసపట్టులో పడేసరికి సెట్టు పుటుక్కున తెంపేది. లస్కర్లకు అది వరం, సారుకు అవమానం. "దీన్ని ఏమన్నా చెయ్యగలరా?" అని నన్నడిగాడు. పుస్తకం తిరగేశాను. గడువు ఎదురుగా సున్నా పెట్టే కమాండ్ ఉంది. కొట్టాను. ఆ సాయంత్రం సారు ఇరవై నిమిషాలు మాట్లాడాడు. "మీరు అసాధ్యులండీ" అన్నాడు నాతో. ఎప్పటికైనా ఆ గడువు అవసరం పడుతుందేమోనన్న ఆలోచన నాకు రాకపోలేదు. వచ్చింది. రేపు చూద్దాంలే అనుకున్నాను.

ఆ రోజు చలికాలం పొద్దు. కాలువ నిండుగా పారుతోంది. మా సెక్షన్ క్లర్కుకు గూడూరు బదిలీ అయింది. అందరికీ పెడతానని ఉగ్గాని, బజ్జీ కట్టించుకొచ్చాడు. ఎనిమిదయింది. పాత రోజులైతే నేను మైకు వదిలి కదలడానికి లేదు. ఇప్పుడు ఫైలుంది కదా. మీట నొక్కాను, నా గొంతు మొదలైంది, నేను బయటికి నడిచాను. ఆఫీసు ముందు వేపచెట్టు కింద బల్ల వేసుకున్నారు. క్లర్కూ, అటెండరూ, నేనూ. సారు కర్నూలుకు మీటింగుకు పోయాడు.

నేను గడప దాటానో లేదో కరెంటు పోయింది. లోపల ఫ్యాను ఆగిన చప్పుడు వినపడింది. కంప్యూటర్‌కు కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీ పెట్టె ఎప్పుడో చచ్చిపోయింది, కాబట్టి కంప్యూటర్ కూడా ఆగిపోయింది. "ఇంగ పనేముండాది, కూకో మ్యాడమ్. కరెంటొస్తే పోదాం" అన్నాడు అటెండరు. కూర్చున్నాను.

ఇక్కడ ఆగండి పిల్లలూ. మా వైర్‌లెస్ సెట్టు కరెంటు మీద నడిచేది కాదు. కరెంటు పోయినా పని ఆగకూడదని కారు బ్యాటరీ మీద పెట్టారు. అంతకుముందు ఇరవై ఏళ్లుగా కరెంటు పోతే నేను మైకు చేతికి తీసుకుని పని చేస్తూనే ఉన్నదాన్ని. కంప్యూటర్ ఆగితే పని ఆగినట్టేనని నాకు ఎప్పుడు అలవాటైందో నాకే తెలియదు. కంప్యూటర్ "టీఎక్స్ ఆన్" అని చెప్పి కన్నుమూసింది. సెట్టు బతికే ఉంది. "ఆఫ్" అనే మాట కోసం కాచుకుని కూర్చుంది. మైకు తెరిచే ఉంది, ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. మూడు నిమిషాలకు తనంతట తాను ఆగాల్సింది, ఆ తెలివిని నేనే పీకేశాను.

ఫ్యాను కూడా లేదేమో, గది నిశ్శబ్దంగా ఉంది. కిటికీ పక్కనే మా బల్ల. మా మాటలన్నీ శుభ్రంగా మైకులో పడి కాలువ పొడవునా పోతున్నాయి.

క్లర్కు మంచి హాస్యగాడు. చేతిలో బజ్జీ మైకులా పట్టుకుని సారు ఉపన్యాసం మొదలుపెట్టాడు. "సోదరులారా! నీరు అనగా ఏమి? నీరు అనగా... నీరు!" సారు లాగే కళ్లజోడు సర్దుకున్నాడు, సారు లాగే దగ్గాడు. అటెండరు ఉగ్గాని గొంతుకు అడ్డం పడి ఉక్కిరిబిక్కిరయ్యాడు. నాకేమయిందో తెలియదు. లోపల ఎక్కడో కట్టుకున్నది తెగినట్టయింది. నవ్వాను. కడుపు పట్టుకుని, కళ్లలో నీళ్లు కారేలాగ, ఊపిరాడనంత నవ్వాను. క్లర్కు నా నవ్వు చూసి ఇంకా రెచ్చిపోయాడు. "మ్యాడమ్ నవ్వుతాంది రోయ్!" అని అటెండరు చప్పట్లు కొట్టాడు. "నా గొంతు లోపల డ్యూటీ చేస్తాంది, నేనీడ బజ్జీ తింటాండా. సర్కారు నాకు రెండు జీతాలియ్యాల" అని నేనూ ఒక జోకు వేశాను. ఎంత గొప్ప జోకు! తలుచుకుంటే ఈనాటికీ నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

ముప్పావుగంట అయి ఉంటుంది. క్లర్కు సెల్ మోగింది. రెండో పోస్టు లస్కరు. బండేసుకుని సిగ్నల్ వచ్చే బస్సురోడ్డు దాకా వచ్చి చేస్తున్నాడు. ఆయన అరుపు నాకు కూడా వినపడింది. "ఎవురప్పా మైకు ఒత్తి పట్టుకున్నేది? వదలండప్పా! అప్పట్నించీ మీ నవ్వులే గానీ ఇంగోటి ఇనపడల్యా. నేను పిల్చినా పోల్యా, ఎవురు పిల్చినా పోల్యా!"

నేను లోపలికి పరిగెత్తాను. సెట్టు మీద ఎర్ర లైటు. ఏం చేశానో తెలుసా? కీబోర్డు మీద పడ్డాను. "టీఎక్స్ ఆఫ్" అని కొట్టాను. మళ్లీ కొట్టాను. కరెంటు లేని కంప్యూటర్ మీద, నల్లగా చచ్చిపడున్న తెర ముందు నిలబడి ఆగమని కొడుతూనే ఉన్నాను. సెట్టుకు ఒక గుండీ ఉంది, తిప్పితే ఆగిపోతుంది. ఇరవై ఏళ్లకు పైగా తిప్పిన గుండీయే. నాకు తోచలేదు. చదువురాని అటెండరు వెనకనుంచి వచ్చి, "జరుగు మ్యాడమ్" అని బ్యాటరీ తీగ పీకేశాడు. ఎర్ర లైటు ఆరింది.

తీగ మళ్లీ తగిలించి, మైకు చేతిలోకి తీసుకుని ఒక్కో పోస్టునూ పిలిచాను. ఒకటో పోస్టు పలికింది. రెండో ఆయన ఇంకా రోడ్డు మీదే ఉన్నాడు. మూడో పోస్టును పిలిచాను. టక్ టక్ రాలేదు. మళ్లీ పిలిచాను. నాలుగో పోస్టు మధ్యలో అందుకుని, "అమ్మా, ఈడ గేజీ దిగుతాంది. పైన ఎవురన్నా షట్టరు ఏసినారా?" అన్నాడు. ఎవరూ వెయ్యలేదు. షట్టరు వెయ్యకుండా కింద నీళ్లు తగ్గుతున్నాయంటే పైన కట్ట ఎక్కడో నోరు తెరిచిందని అర్థం.

రెండో పోస్టు దగ్గర మిగులు నీళ్లను వంకలోకి వదిలే షట్టరు ఉంది. అది ఎత్తితే పది నిమిషాల్లో మూడో పోస్టు దగ్గర నీళ్లు దిగుతాయి. ఇంకా ఫోన్లోనే ఉన్న రెండో ఆయనకు, వెనక్కి పోయి అది ఎత్తమని క్లర్కు చేత చెప్పించాను. ఎవరి అనుమతీ అడగలేదు. జీపులో మనుషుల్ని పంపాను. మూడో పోస్టును పిలుస్తూనే ఉన్నాను. "అన్నా, సెప్పన్నా. అన్నా, నేనే, రికార్డింగు గాదు, నేనే పిలుస్తాండా." మధ్యమధ్య వేలు తీసి విన్నాను. ఛానెల్ ఖాళీగా ఉంది. అంత ఖాళీగా ఎన్నడూ లేదు.

మధ్యాహ్నానికి తెలిసింది. ఎండ్రకాయలు తొలిచిన బొరియలోంచి కట్టకు బుంగ పడింది. కట్ట కింద పల్లె. పెద్దవాళ్లు సుగ్గికి, మిరపకాయల కోతలకు, గుంటూరు వైపు పోయారు. మిగిలినవాళ్లు ముసలివాళ్లూ పిల్లలూ. మూడో పోస్టు అన్న ఇసుక మూటలతో ఒక్కడే నీళ్లలోకి దిగాడు. మూటలు బుంగ నోటికి సరిగ్గానే పెట్టాడు. కట్ట నిలబడింది. పల్లెలో నీళ్లు గడపల దాకా వచ్చి ఆగిపోయాయి. నీటి లాగుడుకు ఆయన కాలు బుంగలో ఇరుక్కుంది. నీళ్లు దిగాక మావాళ్లు ఆయన శవాన్ని బయటికి తీశారు.

విచారణ జరిగింది. సారు చెడ్డమనిషి కాదు. నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "కరెంటు పోయినందువల్ల వైర్‌లెస్‌కు అంతరాయం, అని రాస్తున్నాను. అది అబద్ధం కాదు గదా. గడువు సంగతి బయటికొస్తే నాకూ ముప్పే, మీకూ ముప్పే. మీకింకా సర్వీసుంది. గమ్మునుండండి" అన్నాడు. నోరున్న మనిషినని పేరు పడ్డదాన్ని, ఆ రోజు నోరు మూసుకుని సంతకం పెట్టాను. దేవుడు లెక్క అడిగే తప్పులు ఆ ఉదయానిది ఒకటి, ఈ సంతకానిది ఒకటి. రెండోదే పెద్దదేమో అనిపిస్తుంది. మొదటిది తెలియక చేశాను.

నలభయ్యో దినానికి వాళ్లింటికి పోయాను. ఫాతిహా అయిపోయి చుట్టాలు వెళ్లేదాకా గోడవారన కూర్చున్నాను. ఆయన భార్య చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది. సన్నటి మనిషి. అంతకుముందు నన్ను చూడనే లేదు, అయినా "మైకమ్మవు నువ్వే గదా" అంది.

బస్సులో వస్తున్నంతసేపూ ఎట్లా చెప్పాలో కట్టుకుంటూ వచ్చాను. అదంతా మరిచిపోయి ఒక్కసారిగా కక్కేశాను. "వదినా, ఆ పొద్దు కరెంటు పోయి గాదు. మైకు తెరిచి పెట్టి పోయింది నేను. ఆపే గడువు తీసేసిందీ నేనే. అన్న పిల్చింటాడు. ఆ టయానికి నేను బయట కూకొని నవ్వుతాంటి. ఆ నవ్వింది నేనే."

ఆమె కొంగు అంచు చుట్టుకుంటూ కూర్చుంది. తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"తెలుసు లేమ్మా" అంది.

"ఎవరు సెప్పినారు?"

"ఆయనే సెప్పినాడు. నేనాడే ఉంటి. రొట్టెలు దీస్కపోయింటి. బుంగ సూసి పరిగెత్తుకొచ్చినాడు. మైకు తీసి టక్ టక్‌మన్న్యాడు. అది పోల్యా. డబ్బాలో మీ మాటలే. ఎవురో మొగాయప్ప ఉపన్యాసం, ఎనకే నువ్వు నవ్వేది. నేను పల్లెలోకి ఉరుకుతా, ఎవురన్నా ఉంటే పిల్సుకొస్తా అంటి. 'రోంతసేపు తాళు. మైకు మర్సిపోయింటాది, గుర్తొస్తే తీస్తాది' అన్న్యాడు. మల్లా..."

"సెప్పు వదినా."

"'మన ఆపీసమ్మ నవ్వు అది. మొగుడు పోయినాక ఆయమ్మ నవ్వేది ఇదే ఇనేది. నవ్వనీ పాపం' అన్న్యాడు. డబ్బా దగ్గర చెవి పెట్టి నిలబన్న్యాడు. ఆయన మొగంలోనూ రోంత నవ్వొచ్చిందమ్మా, నేను సూసినా."

"ఎంతసేపు నిలబడినాడు?"

"ఏమో. ఐదు నిమిషాలో, రోంత ఎక్కువో. అంతలోకే బుంగ పెద్దదాయ. ఇంగ లాభం ల్యాదని నన్ను పల్లెకు తరిమినాడు. మూటలెత్తుకొని తాను దిగినాడు."

ఆ ఇంట్లో ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి నిమురుతోంది. భర్తను పోగొట్టుకున్న మనిషి చేత ఓదార్చబడడం కంటే పెద్ద శిక్ష ఏ సర్కారూ వెయ్యలేదు. లేచేముందు ఆమె లోపలికిపోయి ఒక రొట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. "తిన్యావా అని అడుగుతాండె గదా నిన్ను. తిని పో" అంది. తిన్నాను. ఎట్లా మింగానో అడక్కండి.

మర్నాడు మొదట గడువు కమాండ్ కొట్టాను, మూడు నిమిషాలు. తర్వాత నా గొంతు రికార్డింగు తుడిచేశాను. ఆ తర్వాత జరిగింది జరిగినట్టు నాలుగు పేజీలు రాసి, సారుకు చూపించకుండా పైఆఫీసుకు పంపాను. నన్ను ఏం చేస్తారో చేయనీ అనుకున్నాను. ఆరునెలలకు జవాబొచ్చింది, విచారణ ముగిసినందున మీ లేఖపై తదుపరి చర్య అవసరం లేదని. నాకు శిక్ష కూడా దొరకలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి పొద్దునా ఏడు పోస్టులనూ నా నోటితోనే పిలిచాను. మూడో పోస్టుకు వచ్చిన కొత్తాయన టక్ టక్ అనేవాడు కాదు. ఆయన తప్పేముంది? కానీ ఆ పోస్టును పిలిచి వేలు తీశాక, ఆయన పలికేలోపు ఆ రెండు క్షణాలు నేను ఊపిరి పీల్చేదాన్ని కాదు.

ఇదమ్మా సంగతి. మీ సారు మాట తెగిపోతోందంటే తెగనీ. మూడు నిమిషాల్లో చెప్పలేనిది ముప్పై నిమిషాల్లో కూడా చెప్పలేడని నా మాటగా చెప్పు, రిటైరైనదాన్ని, నన్నేం చేస్తాడు? మాట తెగిన ఆ సందులోనే ఎవరో ఒకరు తలుపు కొడతారు. కంప్యూటర్‌కు ఏ పనైనా మొదలుపెట్టమని రాసేముందు, తాను చచ్చిపోయినా ఆ పని ఎట్లా ఆగుతుందో చూసి రాయి.

ఆ గడువు ఉండి ఉంటే, నా నవ్వు మూడు నిమిషాలకు తెగిపోయి ఉండేది. అన్న దాన్ని పూర్తిగా వినేవాడు కాదు. నన్ను పిలిచి ఉండేవాడు. నేను నవ్వుతున్నానని ఆయన నాకిచ్చిన ఆ ఐదు నిమిషాలు ఇన్నేళ్లుగా నా దగ్గరే ఉన్నాయి, తిరిగి ఇద్దామంటే తీసుకునే మనిషి లేడు.

ఆ కాగితం చిరిగిపోయి ఉంటుంది. కొత్తది రాసి అంటించమ్మా.